యాదగిరి సార్ సినిమాలో నా గొంతు

నిన్న వంటింటి కుళాయి బాగుచేయడానికి వచ్చిన ప్లంబరు ప్లాస్టిక్ పైపును వేడిచేస్తుంటే ఇల్లంతా ఘాటు వాసన కమ్ముకుంది. మా ఆయన ముక్కు మూసుకుని కిటికీలు తెరిచారు. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. ఎల్బీ నగర్ అవతల యాదగిరి సార్ పైపుల ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి పీల్చిన వాసన అది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ దుకాణంలో జీతానికి కుదిరి, చివరికి ఫ్యాక్టరీ పెట్టిన మనిషాయన. ఎమ్మెల్యే కూడా అయ్యారు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక పదవికి రాజీనామా చేసి, సినిమా తీస్తానన్నారు. ఇంట్లోవాళ్లు తలలు పట్టుకున్నారు.

కొత్త మిషన్ వస్తే పసుపు రాసి బొట్టు పెట్టడం ఆయనకు అలవాటు. ముహూర్తం రోజు కెమెరాకూ అదే మర్యాద చేశారు, సరిగ్గా లెన్సు అద్దం మీద. కెమెరామన్ లబోదిబోమన్నాడు. “కన్ను గిదే కదా, బొట్టు ఇంకెక్కడ పెడ్తరు?” అన్నారు సార్. అందరికంటే ముందు ఆయనే పగలబడి నవ్వారు.

కథానాయిక మా నల్లగొండ వైపు పల్లెపిల్ల. ఆ వేషం వేసిన అమ్మాయికి తెలుగే రాదు. ఫ్యాక్టరీ మైకులో లారీలను పిలిచే నన్ను గొంతు ఇవ్వమని తీసుకెళ్లారు సార్. డబ్బింగ్ గదిలో నా మాట వినగానే దర్శకుడు మొహం చిట్లించాడు. “మరీ మోటుగా ఉందండీ. ఈ యాస కమెడియన్‌కైతే బావుంటుంది. హీరోయిన్‌కి ఎలాగండీ?” నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. సార్ పక్కకు పిలిచారు.

“సుజాతా, లారీని పిలిచినట్టు పిలువకు. మీ అమ్మ మీద కోపమొస్తే ఎట్ల మాట్లాడ్తవో గట్ల మాట్లాడు.”

అలాగే మాట్లాడాను. దర్శకుడు తర్వాతి సీను వేయమన్నాడు.

సినిమా కొనడానికి వచ్చినాయన మాత్రం గొంతు మారిస్తేనే తీసుకుంటానన్నాడు. నా వల్ల సార్ మునిగిపోతారేమోనని హడలిపోయాను.

“నా గొంతు తీసెయ్యుండ్రి సార్. ఏం అనుకోను.”

“మన మాటకు ఇజ్జత్ కావాలని ఊరూరు తిరిగి చెప్పిన. ఇప్పుడు నేనే తీసేస్తే నా మొహం ఎవలకు సూపెట్టాలె బిడ్డా?”

చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క హాలు దొరికింది. మొదటి ఆట. కథానాయిక నోరు తెరవగానే హాలంతా నవ్వింది. నవ్వింది మావాళ్లే. సినిమాలో మా యాస వినబడితే నవ్వాలని వాళ్లకు అలవాటైపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. సార్ మాత్రం కదలకుండా కూర్చున్నారు. కాసేపటికి కథానాయిక తల్లితో కొట్లాడే ఘట్టం వచ్చింది. ఎవరూ నవ్వలేదు. “అచ్చం మా పెద్దపిల్ల లెక్కనే అంటున్నది” అని వెనక వరసలో ఎవరో అమ్మ ముక్కు చీదింది.

వారం తిరక్కుండానే సినిమా ఎత్తేశారు. మొహం చెల్లకపోయినా సార్ దగ్గరికి వెళ్లాను.

“సినిమా పోయింది. నువ్వు పోలే. రేపటి నుంచి స్టూడియోలల్ల డబ్బింగ్ పని అడుగు” అన్నారు.

అడిగాను. ఈ రోజు తింటున్న తిండి ఆ గొంతు పెట్టిందే. సార్ పోయి చాలా కాలమైంది. బ్యాంకులో, పెద్ద దవాఖానలో, ఇంగ్లీషు బడిలో ఎదుటివాళ్లను చూసి యాస మార్చుకునేదాన్ని ఒకప్పుడు. ఆ హాల్లో ఆయన పక్కన కూర్చున్న రోజు నుంచి ఇంటా బయటా నాకు ఒకటే నోరు.