నీడలో పెట్టిన ఇనుప బిళ్ళ

మస్కట్‌కు రాకముందు పదకొండేళ్ళు నేను రాకెట్లను విరగ్గొట్టే హాల్లో పనిచేశాను. నవ్వకండి, జీతం ఇచ్చింది అందుకే. పెద్ద పెద్ద రాకెట్ల డొల్లల్ని నిలబెట్టి, చుట్టూ జాకీలు బిగించి, లాగి, నొక్కి, ఎంత బరువుకు లొంగుతాయో చూసేవాళ్ళం. ఎగరాల్సినవన్నీ ఎగిరే ముందు మా దగ్గర ఒకసారి మూలిగి వెళ్ళినవే. ఇప్పుడా హాలు చరిత్ర అయిందని బడిపిల్లలకు చూపిస్తున్నారట.

నా పని గేజ్‌లు అంటించడం. వేలిగోరంత అట్ట మీద సన్నటి తీగ ఉంటుంది. దాన్ని లోహానికి అంటిస్తే, ఆ లోహం వెంట్రుకవాసి సాగినా మీటరు చెప్పేస్తుంది. వేడికి కూడా లోహం సాగుతుంది కదా, అందుకని ఏ బరువూ మోయని, అదే లోహపు ఉత్త బిళ్ళకు ఇంకో గేజ్ అంటించి దగ్గర్లో పెడతాం. రెండింటి తేడాయే అసలు లెక్క. హాల్లోకి ఎండ రాదు గనక బిళ్ళ ఎక్కడ పడేసినా ఒకటే.

ఇంకో ఆనవాయితీ కూడా ఉండేది. పరీక్ష కాగానే టీ వచ్చేది. ఎక్కడైనా పొరపాటు జరిగి ఉంటే, చేసినవాడు లేచి "తప్పు నాది" అనేదాకా ఎవరూ గ్లాసు ముట్టకూడదు. నేనూ నాలుగైదుసార్లు లేచాను. అక్కడ లేవనివాడంటూ లేడు.

తొంభైల మొదట్లో మస్కట్ అవతల బర్కా దగ్గర ఒక ఖర్జూరం తోటలో నీళ్ళ ట్యాంకుకు ఉక్కు స్టాండు కట్టారు. ట్యాంకు నింపి స్టాండు బలం చూడాలని మా కంపెనీ నన్ను పంపింది. స్టాండు వెల్డింగంతా ఒక్కడే చేశాడు. నిజామాబాద్ వైపు మనిషి, నాకంటే పెద్దవాడు. నేను రాకెట్ల దగ్గర్నుంచి వచ్చానని విని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నాకు అది బాగానే ఉంది, అబద్ధమెందుకు!

స్టాండు కాళ్ళు విచ్చుకోకుండా పట్టి ఉంచే అడ్డపట్టీలకు పొద్దున్నే గేజ్‌లు అంటించాను. బిళ్ళను జీపు కింద నీడలో పెట్టాను. ఎనిమిదికల్లా ట్యాంకు నిండింది. నీళ్ళు ఆపాక మీటరు కూడా ఆగాలి. ఆగలేదు. పదింటికీ పెరుగుతోంది, పదకొండింటికీ పెరుగుతోంది. ఎక్కడో జాయింటు వదులై బరువు పట్టీల మీద పడుతోందనుకుని "ఖాళీ చెయ్యండి!" అని అరిచాను. నీళ్ళన్నీ పోయినా మీటరు సున్నాకు రాలేదు. పట్టీలు పూర్తిగా సాగిపోయాయని ఇంజనీరుకు చెప్పేశాను.

ఇంజనీరు హైదరాబాదీ. వెల్డర్ వైపు తిరిగి, "కల్ తేరా వీసా క్యాన్సల్. బ్యాగ్ బాంధ్‌లే," అన్నాడు. రేపే వీసా రద్దు, సామాను సర్దుకొమ్మని.

వెల్డర్ నా దగ్గరికి వచ్చాడు. "నా పని గట్ల గాదు సార్. ఇరవయ్యేండ్ల సంది ఇదే పని. ఒక్క జాయింటు ఇడువలే. ఇప్పుడు ఇంటికి వోయి ఏం మొఖం వెట్టుకోను?" అని, స్టాండు దగ్గరికి పోయి, తన జాయింట్లను ఒక్కొక్కటే చేత్తో తడమడం మొదలుపెట్టాడు. వెంటనే చెయ్యి లాక్కున్నాడు. "అబ్బా, కాలుతున్నది!" ఆ చేతినే జీపు కింది బిళ్ళ మీద ఆనించాడు. "ఇది మాత్రం సల్లగున్నది సార్."

పట్టీలు ఎండలో, బిళ్ళ నీడలో. పొద్దుట్నుంచీ నేను కొలిచింది ఒమాన్ ఎండని!

బిళ్ళను తీసుకెళ్ళి పట్టీ పక్కనే, ఎండలోనే కట్టాను. అరగంటలో మీటరు సున్నా దగ్గరికి వచ్చింది. మర్నాడు మళ్ళీ నింపాం. స్టాండు ఇసుమంతైనా కదల్లేదు.

ఇంజనీరు నన్ను పక్కకు పిలిచాడు. "నిన్న గల్తీ కిస్కీ?" అని, తప్పెవరిదో అడిగాడు.

"ధూప్ కీ," అన్నాను. ఎండదట!

ఆయన నవ్వి, తప్పు ఎండదేనని, వీసా మాట మర్చిపొమ్మని వెల్డర్‌కు చెప్పి వెళ్ళిపోయాడు. వెల్డర్ ఫ్లాస్కు తెచ్చి, మూతలోకి టీ పోసి, రెండు చేతులతో నాకందించాడు. నిన్న కాలిన చోట అరచెయ్యి ఎర్రగా ఉంది.

"మీ పుణ్యాన నౌకరి నిలవడ్డది సార్. ఎండ జేసినదానికి ఎవలేం జేస్తరు? తాగుండ్రి."

నేను లేవాల్సింది. కూర్చునే తాగాను.