అగుడా అద్దం అంచు మీది ముద్ర

2010 వేసవిలో నన్ను వర్జీనియాలో విమానాశ్రయం పక్కనున్న కస్టమ్స్ ఆఫీసులో ఇంపోర్ట్ స్పెషలిస్టుగా వేశారు. వచ్చిన సరుకు ఏమిటో, చట్టం దాన్ని రానిస్తుందో లేదో కాగితాలు చూసి తేల్చే పని. ఇల్లు షాంటిలీలోనే. అనుమానించడానికే నాకు జీతమిచ్చేవారు, నేనూ లోటు చేయలేదు.

అంతకు ముందు ఏడాదే చైనాతో ఒప్పందం కుదిరింది. టాంగ్ రాజుల కాలం, అంటే పదో శతాబ్దం మొదలు వరకు తయారైన పురాతన వస్తువులు ఆ దేశం అనుమతిపత్రం లేకుండా రాకూడదు. తర్వాతి కంచు సామానుకు ఆ అడ్డు లేదు. దాంతో ప్రతివాడి కంచూ తర్వాతిదే అయిపోయింది.

అలా వచ్చిందే అరచేయంత కంచు అద్దం. అది అగుడా ఇంటిదట. జుర్చెన్ తెగలను ఏకం చేసి, పన్నెండో శతాబ్దంలో చైనాకు ఉత్తరాన జిన్ రాజవంశాన్ని స్థాపించిన నాయకుడు అగుడా. విందులో అప్పట్లో వాళ్లను ఏలుతున్న చక్రవర్తి నాట్యం చేయమంటే తెగపెద్దలందరూ ఆడినా అతనొక్కడూ ఆడలేదన్న కథను కూడా దిగుమతిదారు జతచేశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. కథ బాగున్నకొద్దీ నాకు అనుమానం పెరుగుతుంది.

దిగుమతిదారు తరఫున కాగితాలు పెట్టిన కస్టమ్స్ బ్రోకరు శ్రావ్య, ఇక్కడే పుట్టిన తెలుగమ్మాయి. తప్పుడు వివరాలు ఇచ్చిందని తేలితే ఆమె లైసెన్సు పోతుంది. ఫోన్‌లో, "అంకుల్, ఇది క్లీన్ ఎంట్రీ. రిమ్ మీద జిన్ గవర్నమెంట్ మార్క్ ఉంది, చెక్ చేయండి," అంది.

"ఇక్కడ అంకుల్ ఎవరూ లేరమ్మా," అన్నాను. ఆ పిలుపు నాకు గిట్టలేదు. పని జరిపించుకోవడానికే వరస కలిపిందనుకున్నాను.

అంచు మీద చెక్కిన అక్షరాలను పరీక్షించమని అద్దాన్ని లాబ్‌కు పంపాను. గీతల లోపల కూడా పాత చిలుమే ఉంది, నకిలీ కాదన్నారు. ఎంత కాలం నాటిదైనా ఒక అధికారి ముద్ర కదా, అద్దమూ జిన్ కాలానిదేనని నమ్మేశాను. విడుదల కాగితం మీద సంతకం పెట్టబోతూ ఆగాను. రోజూ నేను సంతకం పెట్టే సరుకుల్లో ఒక్కటీ నేను చేసింది కాదు.

ఫొటోలు, లాబ్ రిపోర్టు ఒక చైనా కళల ప్రొఫెసరుకు పంపాను. జిన్ రాజ్యంలో రాగికి కరువొచ్చి, అద్దాలు దేశం దాటకుండా అధికారులు తనిఖీ చేసి అంచున గుర్తు చెక్కేవారని ఆవిడ రాశారు. ఇళ్లలోని పాత అద్దాలకూ అదే గుర్తు. పైగా ఆ పద్ధతి వచ్చేసరికి అగుడా పోయి దశాబ్దాలైంది. పోతపనిని, లోహాన్ని బట్టి అద్దం టాంగ్ కాలానిదని తేల్చారు. అనుమతిపత్రం లేదు కాబట్టి జప్తు చేశాం.

శ్రావ్య ఫోన్ చేసి, "నా లైసెన్స్ పోతుందా, సార్?" అంది. ఈసారి అంకుల్ అనలేదు. నాకు సిగ్గేసింది.

ఫైలు మళ్లీ మొదటినుంచి చదివాను. దిగుమతిదారుకు ఆమె రాసిన తొలి మెయిల్ అందులోనే ఉంది: ముద్ర సరే, అద్దం ఎప్పుడు చేశారో ఎవరు చెప్పారు అని. దానికి అతను ఒక నిపుణుడి సంతకంతో సర్టిఫికెట్ పంపాడు. అది అబద్ధమని తర్వాత తేలింది. ఆమె తన జాగ్రత్త తాను తీసుకుందని రిపోర్టు రాశాను, లైసెన్సు నిలిచింది. నేను చివర్లో అడిగిన ప్రశ్న ఆమె మొదటిరోజే అడిగింది.

తనిఖీ ముద్ర సరుకును చూసినవాడి గురించి చెబుతుంది, చేసినవాడి గురించి కాదు. అగుడా చక్రవర్తి అడిగినా ఆడలేదు. నేను ఎనిమిది వందల ఏళ్ల నాటి గుమాస్తా గీతకు ఆడబోయాను.