గోడవార మొలిచిన ముళ్ళచెట్టు

నిన్న పక్కింట్లోకి కొత్తగా వచ్చినాయన గోడ మీది నుంచి తొంగిచూసి, ఈ ముళ్ళచెట్టేమిటి, కొట్టేయకుండా ఉంచుకున్నారేమని తమిళంలో అడిగాడు. పేరు చెప్పాను. ఆ పేరు మాకెలా తెలిసిందో చెప్పాలంటే మాత్రం గోడ దగ్గర నిలబడి అయ్యే పని కాదు.

మణవాళనగర్‌లో ఈ ఇల్లు కట్టుకున్న కొత్తల్లో కరివేపాకు పక్కన దానంతటదే మొలిచింది. కణుపు కణుపుకీ ఎదురెదురుగా రెండేసి ముళ్ళు, గుత్తులుగా చిన్న ఆకులు. అటు వెళ్ళినప్పుడల్లా మా ఆవిడ చీర పట్టుకునేది. ఫొటో తీసి ఫోన్‌ను అడిగితే ఒకరోజు నిమ్మ అంది, మర్నాడు దానిమ్మ అంది. ఆ పైన నేను అడగడం మానేసి కత్తి నూరించాను.

ఆ వారమే తిరుత్తణి నుంచి మా అక్కను తీసుకొచ్చాను. బావ పోయి నెల దాటినా కంటతడి లేదు, తిండీ లేదు. ‘వదినా, రెండు ముద్దలు’ అని మా ఆవిడ బతిమాలితే, ‘లోపలికి దిగలేదు తల్లీ’ అని కంచం జరిపేసేది. చిక్కి సగమైంది. ఈమె కూడా బావ వెనకే పోతుందేమోనని నాకు భయం.

ఆదివారం నేను చెట్టు మీద కత్తి ఎత్తేసరికి వసారాలోంచి అక్క కేక: ‘రేయ్, ఆగరా! యాడిదిరా ఇది?’ గబగబా వచ్చి ఆకు తుంచి నలిపి చూసింది. ‘బలుసురా. వానల్లేని ఏడు అమ్మ దీన్నే ఉడకేసి పెట్టి మమ్మల్ని బతికించుకునింది. నువ్వు ఉయ్యాల్లో ఉండినావు, నీకేం తెలుసు!’

బతికుంటే బలుసాకు తిని బతకొచ్చని ఆఫీసులో ప్రమోషన్ రానివాళ్ళందరికీ ధైర్యం చెప్పినవాణ్ణి నేను. అదే బలుసు నా పెరట్లో నన్ను గీరుతుంటే గుర్తుపట్టలేకపోయాను.

అక్క లేతాకు కొంగులోకి కోసుకొని, పప్పులో వేసి తనే వండింది. వగరుగా ఉంది, నాకు నచ్చలేదు గాని తినేశాను. ఆమె సంగటితో తింటూ తింటూ ఆగిపోయి, ‘మీ బావకు ఒక్కతూరి కూడా వండిపెట్టకపోతినే’ అని భోరుమంది. అంతవరకూ అలా ఏడవలేదు. కళ్ళు తుడుచుకొని మిగిలిన ముద్ద కూడా తినేసింది.

కొన్నాళ్ళకు తిరుత్తణి రైలెక్కింది. ఇప్పుడు ఫోన్ చేస్తే నేనేం తిన్నానో తనే ఆరా తీస్తుంది. బావ పోయిన ఘడియ మా ఇంట్లో అందరికీ గుర్తే. అక్క మళ్ళీ మామూలు మనిషి అయిన రోజేదో అడిగితే ఎవరమూ చెప్పలేం. కాలం ఆ పని మాకు తెలియకుండానే చేసి వెళ్ళిపోయింది.