జీపు టాపెక్కిన రుబ్బురోలు

ఈ సంగతి జరిగి ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదని మీరు అడగవచ్చు. రాయడం రాదు కనుక రాయలేదు. యాభై రెండేళ్లు వచ్చేదాకా బ్యాంకులోనూ, రేషను షాపులోనూ నా తరఫున నా బొటనవేలే మాట్లాడింది. ఇప్పుడు దానికి విశ్రాంతి ఇచ్చాను. అక్షరాలు కుదిరాక ముందుగా ఏం రాద్దామా అని ఆలోచించాను. నా గొప్పలు రాయబోతే అర పేజీ కూడా నిండలేదు. తెలివితక్కువ పనులకైతే నోటుపుస్తకాలు కట్టలుగా కావాలి. వాటిలో అన్నిటికంటే బరువైనది ఏరుకున్నాను. ఒక గుండిగ, ఒక రుబ్బురోలు, నా పరువు, మూడూ ఒకే నిమిషంలో నడివీధిలో కిందపడ్డ కథ ఇది. ముందే చెబుతున్నాను, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కాబట్టి మొహమాటపడకుండా నవ్వుకోండి.

మాది చీపురుపల్లి దగ్గర ఊరు. నాకో తోడికోడలు ఉంది, పార్వతి. నా మరిది భార్య. వీధికి ఈ చివర మా ఇల్లు, ఆ చివర వాళ్లిల్లు. పార్వతి మంచిది. అదే నా బాధ. చెడ్డదైతే తిట్టుకుని హాయిగా ఉండేదాన్ని. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. బోర్డు చదివి బస్సెక్కుతుంది. నేను కండక్టరు అరుపు విని ఎక్కుతాను. ఆమె పాదున ఆనపకాయ నా పాదున కాసినదానికంటే జానెడు పొడుగు ఉంటే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. కావాలంటే మా ఆయన్ని అడగండి. ఆనపకాయల కాలంలో నేను చిక్కిపోతానని చెబుతారు.

ఆ ఏడు మా ఇద్దరి కూతుళ్లూ పురిటికి వచ్చారు. పురుడు తీరి, బిడ్డతో అత్తవారింటికి తిరిగి వెళ్లేటప్పుడు పుట్టింటి నుంచి సారె వెళ్లాలి కదా. ముందుగా పార్వతి కూతురు లక్ష్మి బొబ్బిలి బయల్దేరింది. నేను మా అరుగు మీద నిలబడి చూశాను. జీపు టాపు మీద తళతళలాడుతూ డబ్బాలు. పదకొండు! మూడుసార్లు లెక్కపెట్టాను, ఒకటైనా తగ్గుతుందేమోనని. తగ్గలేదు. ప్రతి డబ్బా మీదా తెల్లరంగుతో బారెడు అక్షరాలు. వీధిలో వాళ్లందరూ తలెత్తి చదువుతున్నారు, చదివి నవ్వుకుంటున్నారు. మెచ్చుకోలు నవ్వులే అనుకున్నాను. నేనూ ఒక నవ్వు తెచ్చిపెట్టుకున్నాను.

ఏం రాసి ఉందని ఎవరినైనా అడగవచ్చు. అడిగితే చదువు రాదని పదిమందిలో ఒప్పుకున్నట్టే. అందుకని నేనే చదివేసుకున్నాను. మొదటి డబ్బా అరిసెలు, రెండోది సున్నుండలు, మూడోది పాకుండలు, నాలుగోది నేతి మైసూరుపాకు. అసూయకు అక్షరాలతో పనిలేదు, దానికి కావలసింది అదే చదువుకుంటుంది. అన్ని డబ్బాల మీదా గీతలు ఒకేలా ఉన్నట్టు అనిపించిన మాట నిజమే. కానీ ఆ రోజుల్లో నాకు లోకంలో అక్షరాలన్నీ ఒకేలా కనిపించేవి.

ఆ పూటే మా ఆయనతో అన్నాను. "మావా, మన గౌరి సారె దానికి రెండింతలు ఉండాల."

"నౌపడలో వియ్యాలోరి గుమ్మానికి సరిపోతే సాలు కదే. ఊరికి ఏటి పని?"

"ఊరు సూడకపోతే అది సారె ఎలగవుతాది? మూట అవుతాది."

మా ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయారు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన నేర్చుకున్న ఒకే ఒక్క జవాబు అది.

నెల తిరిగింది. మా గౌరి, మూడు నెలల మనవరాలు ప్రయాణమయ్యారు. పదిన్నరకి వర్జ్యం, అది రాకముందే గడప దాటాలి. మా వెనక వీధి అప్పన్నది జీపు. వాడు నన్ను అత్తా అంటాడు. వరసకే కాదు, భయానికి కూడా. అరుగు మీద పేర్చిన సామాను చూసి వాడు తల గోక్కున్నాడు. రుబ్బురోలు, బియ్యం బస్తా, కొబ్బరికాయల గోనె, గౌరి పేరు కొట్టించిన ఇత్తడి గుండిగ, తొమ్మిది డబ్బాల పిండివంటలు, పరుపు, దిండ్లు, ఊయల.

"అత్తా, బరువులన్నీ కింద సీట్ల మజ్జిన ఎడదాం. పరుపూ, దిండ్లూ, ఊయలా పైన ఎట్టి టార్పాలిన్ కప్పేస్తాను," అన్నాడు.

"పైన పరుపెట్టి ఊరికి ఏటి సూపించాల? మా ఇంట్లో పడుకుంటారనా? పరుపు లోపలెట్టు. రోలూ, బియ్యం, కొబ్బరికాయలూ, గుండిగా, డబ్బాలూ పైనెక్కాల."

"ఓలమ్మో! పైన అంత బరువెడితే బండికి తల తిరుగుతాది అత్తా. మలుపొస్తే పక్కకి లాగేస్తాది."

"నెత్తి మీద రెండు బిందెలెట్టుకుని నూతి కాడి నుంచి వచ్చేదాన్నిరా నేను. ఏ మలుపులోనూ నాకు తల తిరగనేదు. నీ జీపు నాకన్నా నీరసమేటి?"

"నీకు రెండు కాళ్లు అత్తా. దానికి సక్రాలు."

"ఎన్ని సక్రాలు?"

"నాలుగు."

"మరింకేం, నాకన్నా రెండెక్కువే కదా!"

ఇలాంటి జవాబులకు ఎదురు చెప్పడం ఏ డ్రైవరుకూ నేర్పరు. నలుగురు మగాళ్లు ఏడుస్తూ రుబ్బురోలు పైకి ఎక్కించారు. జీపు "అమ్మా" అన్నట్టు ఒక మూలుగు మూలిగింది. నేను విననట్టు ఊరుకున్నాను. అప్పన్న తాడు తీసుకుని ముందు నుంచి వెనక్కి ఒక వరస, అడ్డంగా రెండు వరసలు లాగబోయాడు.

"ఒరే, గుండిగ మీంచి తాడేటి? గౌరి పేరు కనపడదు!"

"ముందుకి జారకుండా అత్తా."

"అది జారడానికి సబ్బుబిళ్లా? ఇత్తడి గీసుకుపోతాది. తాడు తీసెయ్. ఇదిగో, నా పాత సీరలు రెండు. పక్కలకి కట్టు, సాలు."

"టార్పాలినన్నా కప్పనీ."

"ఎండా నేదు, వానా నేదు, దుప్పటెందుకు? నా సారెకి జొరమొచ్చిందేటి?"

చదువుతున్నవారికి ఇప్పటికే చెమటలు పడుతూ ఉంటాయి. నాకైతే ఆ రోజు ఒంటి నిండా చల్లగా ఉంది. ఆ గుండిగ మీది పేరును నేను కూడా చదవలేనన్న సంగతి నాకు తట్టనే లేదు.

అప్పన్న చేతులెత్తేశాడు. కానీ ఒక్క మాట మీద గట్టిగా నిలబడ్డాడు. "నీ ఇష్టం అత్తా. కానీ గౌరినీ, పసిదాన్నీ ఇప్పుడే ఎక్కించను. ముందు ఈధి సివర దాకా ఎల్లొస్తాను. బండి ఎలగుందో తెలుస్తాది."

వీధి చివర! పార్వతి ఇల్లు! వాడు జాగ్రత్తకు అన్న మాట నాకు పండగలా వినిపించింది. "నేనూ వస్తాను," అని ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాను.

ఓడలు బళ్లవుతాయంటారు. మా బండి ఓడే అయింది. ఇటు ఊగి, అటు ఊగి, మళ్లీ ఇటు ఊగి, సముద్రం మీద పడవలా కదిలింది. అప్పన్న నోట్లో సింహాద్రి అప్పన్న నామం ఆడుతోంది. నేను మాత్రం చెయ్యి కిటికీ బయట పెట్టి, ఇటువాళ్లకీ అటువాళ్లకీ తల ఊపుతూ కూర్చున్నాను. జనం అరుగుల మీదకి వచ్చారు, తలలెత్తారు, నోళ్లు తెరిచారు. నా బతుకులో అంత సుఖమైన రెండు నిమిషాలు మళ్లీ రాలేదు.

పార్వతి ఇంటి ముందు దారి పల్లంగా ఉంటుంది. ఆమె అరుగు మీద చేటతో బియ్యం చెరుగుతోంది. తల వంచుకుని! నా సారె వస్తుంటే తల వంచుకుని!

"ఒరే, హారను కొట్టు."

"ఇప్పుడెందుకు అత్తా? దారిలో గేదె పడుకున్నాది, పక్కనుంచి మెల్లగా పోతాను."

"కొట్టమన్నానా!"

కొట్టాడు. పార్వతి తలెత్తింది. గేదె కూడా తలెత్తింది. తలెత్తి ఊరుకోక, లేచి దారికి అడ్డంగా నిలబడింది. ఆ గేదె కూడా పార్వతిదే. అప్పన్న రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు.

బండి ఆగింది. బండి మీద ఉన్నవాటికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ముందుగా గుండిగ దిగింది. బానెట్ మీద గంట కొట్టినట్టు ఒక దెబ్బ వేసి, దొర్లుకుంటూ పోయి పార్వతి ముగ్గు మధ్యలో ఆగింది, గౌరి పేరు పైకి పెట్టుకుని. దాని వెనక డబ్బాలు. మూతలు ఎగిరాయి. లడ్డూలు గేదె కాళ్ల దాకా వెళ్లి పలకరించాయి. ఒక అరిసె అద్దానికి అతుక్కుని నా మొహంలోకి చూసింది. కొబ్బరికాయలు పల్లంలోకి పరుగుపందెం పెట్టుకున్నాయి. బియ్యం బస్తా చిరిగి, అద్దం మీంచి ధారగా జారింది. నా పెళ్లికి కూడా నాకు అన్ని అక్షింతలు పడలేదు. అన్నిటికంటే చివర రుబ్బురోలు. పెద్దమనిషి కదా, తొందరపడలేదు. ముందు టాపు రేకును నా కొప్పు మీదకి నొక్కింది. తర్వాత ముందున్న ఇనుప కమ్మీ వంచింది. బానెట్ మీద ఒక్క క్షణం కూర్చుంది. ఆపైన దిగి మురుగుకాలవలో మునిగింది.

అప్పన్న స్టీరింగు వదలకుండా, నావైపు తిరగకుండా అడిగాడు. "అత్తా, హారను సాలా? ఇంకా కొట్టాలా?"

పార్వతి చేట విసిరేసి పరుగెత్తుకొచ్చింది. నేను మొహం దాచుకున్నాను, ఇప్పుడు నవ్వుతుందని.

"అక్కా! పసిపాపేదీ? గౌరేదీ?" అని అరిచింది, జీపు వెనక తలుపు పీకుతూ.

"ఇంటికాడ," అన్నాను.

ఆమె అక్కడే, ఆ బియ్యంలోనే కూలబడింది. అప్పుడు తట్టింది నాకు. అప్పన్న నా మాట అన్నిటా విని ఉంటే? గౌరి ఒళ్లో పసిదానితో వెనక సీట్లో ఉండి, ఆ రోలు ముందుకి కాక వెనక్కి జారి ఉంటే? ఈ ఒక్క చోట మీరు నవ్వకండి. నేనూ నవ్వను.

మంచినీళ్లు తాగాక మనిషినయ్యాను. మనిషినవగానే అసూయ కూడా లేచి కూర్చుంది.

"నీ పదకొండు డబ్బాలు బొబ్బిలి దాకా కదలకుండా ఎల్లాయి. నా తొమ్మిది ఈధి సివర దాకా రానేదు. ఏటి మంతరమేసావే?"

"మంతరమేటి అక్కా? మరమరాల ఉండలకి బరువేటుంటాది?"

"మరమరాలా? ఏ డబ్బాలో?"

"పదకొండింటిలోనూ అవే. ఆళ్ల ఈధిలో ఇల్లిల్లికీ పంచాలన్నారు. అరిసెలూ, సున్నుండలూ బరువు కదా, సీట్ల కింద ఎట్టించాను. డబ్బాల మీద పెద్దగా రాసాను కూడానూ, దించినోడు బరువనుకుని బయపడకుండా. ఈధంతా సదివి నవ్వింది. నువ్వూ నవ్వావు కదా అక్కా!"

నవ్వాను. చదవకుండానే నవ్వాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు పొరుగింటి మరమరాలు అరిసెలయ్యాయి, అదీ మూత తీయకుండానే. నెల రోజులు నిద్ర మానుకుని నేను కుళ్లింది మరమరాల మీద!

ఇంతలో మా ఆయన వచ్చారు. కాలవలోంచి పైకి కనిపిస్తున్న రోలు అంచు చూసి, తాపీగా అడిగారు. "ఒసే, అల్లుడింట్లో గ్రైండరు ఉన్నాది కదా. మరి రోలెందుకే?"

"ఈధిలో సూడ్డానికి," అన్నాను.

"సూసారు," అన్నారు.

వర్జ్యానికి ఇంకా అరగంట ఉంది. పార్వతి కొంగు బిగించింది. మిగిలిన బియ్యం, గుండిగ, బతికి బయటపడ్డ నాలుగు డబ్బాలు లోపల అడుగున సర్దించింది. రోలు కాలవలోనే ఉండిపోయింది. అప్పన్న సీటు మీద వెల్లకిలా పడుకుని టాపు రేకును కాళ్లతో పైకి తన్నాడు. పరుపు, దిండ్లు, ఊయల పైకెక్కాయి. మీద టార్పాలిన్, ముందు నుంచి వెనక్కి తాడు, అడ్డంగా తాళ్లు. అప్పన్న ప్రతి ముడినీ పట్టుకుని వేలాడి మరీ చూశాడు. ఈసారి తాడు కొసలు నేనే అందించాను. తగ్గిన పిండివంటలకి బదులుగా పార్వతి తన ఇంట్లోంచి రెండు డబ్బాలు తెచ్చి టార్పాలిన్ మీద కట్టించింది. వాటి మీద ఏం రాసి ఉందో నన్ను అడగకండి.

అలా గౌరితో, మనవరాలితో నా సారె ఊరు దాటింది. ఊరు చూసిందల్లా నీలం టార్పాలిన్, పార్వతి మరమరాలు.

సాయంత్రం గౌరి ఫోను చేసింది. "సుకంగా వచ్చామే అమ్మా. అవునుగానీ, ఆ మరమరాల ఉండలు ఎవరు సేసారు? మా అత్త నాలుగు తిన్నాది. ఇంకో డబ్బా పంపమంటన్నాది."

"మరి నా అరిసెలో?"

"అరిసెలా? బాగానే ఉన్నాయి."

'బాగానే' అంటే ఏమిటో పిండివంటలు చేసినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు.

సంధ్యాదీపం ముందు నిలబడి, చెంపలు వాయించుకుని, ప్రమాణం చేశాను. స్వామీ, ఈ కట్టె కాలేదాకా ఏ బండి టాపు మీదా దిండుకంటే బరువైనది పెట్టను. తాడు వద్దని అనను. గేదె ఉన్నచోట హారను కొట్టించను. డబ్బా మీద ఏం రాసి ఉందో చదవకుండా ఎవరినీ చూసి కుళ్లుకోను.

మర్నాడు పొద్దున్నే కొట్టు తీయించి ఒక పలక, నాలుగు బలపాలు కొన్నాను. వీధి ఈ చివర నుంచి ఆ చివరకి, అందరూ చూస్తుండగా, పలక చేత్తో పట్టుకుని నడిచాను. పార్వతి గేదెకి కుడితి పెడుతోంది.

"నాకు సదువు నేర్పే," అన్నాను.

ఆమె చేతులు కడుక్కుని వచ్చి పలక అందుకుంది. "అ ఆలతో మొదలెడదామా అక్కా?"

"అయ్యి తరవాత. ముందు మరమరాలు రాయి."

రాసింది. కింద నేనూ దిద్దాను. ఆమె 'మ' ఆమె ఉండల్లాగే గుండ్రంగా ఉంది. నాది బ్రేకు వేసిన జీపులా ముందుకి ఒరిగింది. రెండింటినీ చూసి కాస్త కుళ్లుకున్నాను. ప్రమాణం తప్పలేదు లెండి, చదివాకే కుళ్లుకున్నాను.