కింది నుంచి కోసిన వాక్యం

నరసరావుపేట టీ కొట్టులో కూర్చుంటే, పక్కవాడి ఫోను డప్పు మోగించి మరీ అరిచింది: "క్యాన్సర్‌కు మందు దొరికేసింది!" గభాల్న అటు తిరిగేసరికి వేడి టీ పంచె మీద ఒలికింది. నా మంట తొడ కాలినందుకు కాదు. ఆ మందు ఎవరికిచ్చి చూశారో, ఇంకా ఏం తేలలేదో ఆ గొంతు ఒక్క ముక్క చెప్పదు. ఇలాంటివి విని ఊరుకునే మనిషిని కాను నేను. ఒకప్పుడు ఇలాంటి పనే చేసిన పత్రిక యజమాని ముందు బల్ల గుద్ది, "సిగ్గులేదా?" అని కడిగేసి వచ్చినవాణ్ణి.

అది మా ఊళ్ళో కొన్నాళ్ళు నడిచిన వారపత్రిక. విజయపురి సౌత్‌లో కాలువల ఆఫీసు నుంచి రిటైరై, ఊరికే కూర్చోలేక అందులో ప్రూఫులు దిద్దే పనికి చేరాను. నా పై అధికారి షహనాజ్. మోటారు మెకానిక్ కూతురు, వయసులో నా కూతురికన్నా చిన్నది. శాస్త్రవేత్తలు కొత్తగా కనుక్కున్న సంగతులను నాలుగైదు వాక్యాల్లో చెప్పే ఒక పెట్టె, అంటే చుట్టూ గీతలు కట్టి వేసే చిన్న వార్త, ప్రతివారం రాసేది. అంతరిక్షంలోని కృష్ణబిలం, అదే బ్లాక్‌హోల్, ఫొటో వచ్చిన వారం నేను ఉబ్బిపోయి, "విశ్వాన్ని మింగే రాక్షసి నోరు" అని రాసిచ్చాను.

ఆమె కళ్ళద్దాలు పైకి తోసింది. "ఈ రాక్షసి ఏంది బాబాయ్, నువ్వు చూశావా?"

"ఫొటోలో ఉందిగా అమ్మా!"

"అది నోరు కాదు, నీడ. చుట్టూ తిరిగే వేడి వాయువు వెలుగుతుంటే మధ్యన నల్లగా కనపడేది. ఒక్క టెలిస్కోపుకి అందదని, భూమ్మీద తలో దిక్కునున్నవాటిని జతచేసి చూశారు. ఇంతకన్నా వింత ఏం కావాలి నీకు?"

ఆమె పెట్టెలో ఆఖరి వాక్యం ఎప్పుడూ "ఇంకా తెలియనిది" అనే మొదలయ్యేది. ఏ సంగతికైనా ఆ వాక్యం లేకుండా ఆమె కాగితం వదలదు.

ఒక వారం, ఒక కొత్త మందు ఎలుకల్లో కణితులను తగ్గించిందని రాసింది. "ఇంకా తెలియనిది: మనుషులకు పనిచేస్తుందో లేదో, ఇప్పటిదాకా చూసింది ఎలుకల్లోనే" అని ముగించింది. రాత్రికి విత్తనాల ప్రకటన ఒకటి వచ్చిపడింది. పేజీలో చోటు చాలకపోతే ఏ పత్రికలోనైనా వార్తను కింది నుంచే కోస్తారు. కోశారు.

మూడో రోజున క్రోసూరు నుంచి కోటయ్య అనే రైతు ఆ పేజీ మడిచి పట్టుకుని వచ్చాడు. "మా ఇంటిదాన్ని గుంటూరు ఆసుపత్రికి తీసకపోటం ఆపేశానమ్మా. ఈ మందు యాడ దొరుకుద్దో చెప్పు."

షహనాజ్ కుర్చీ లాగి అతన్ని కూర్చోబెట్టింది. "అన్నా, అది ఎలుకలకిచ్చి చూశారు. మనుషుల సంగతి ఇంకా ఎవురికీ తెలవదు."

"మరి ఆ మాట యాడ రాశారు?"

ఆమె పేజీ తీసుకుని తిన్నగా యజమాని గదిలోకి వెళ్ళింది. "ఒక్క వాక్యం పోతే కొంప మునిగిందా?" అన్నాడాయన. "మునిగేది మీది కాదులెండి, బయట కూర్చున్నాయనది" అంది. బల్ల గుద్దింది ఆమే. నేనా? తలుపు పక్కన కోటయ్యకు మంచినీళ్ళిచ్చే నెపంతో నిలబడి ఉన్నాను. "సిగ్గులేదా" అన్న మాట ఇంటికెళ్ళాక మా ఆవిడ ముందు అన్నాను, అదీ మెల్లగా.

మర్నాడు షహనాజ్ క్రోసూరు వెళ్ళి, ఆ దంపతులను తనే గుంటూరు బస్సెక్కించి వెంట వెళ్ళింది. ఆ వారం నుంచి "ఇంకా తెలియనిది" పెట్టెలో మొదటి వాక్యమైంది. ఇప్పటికీ ఎవరు ఏ వింత చెప్పినా నా నోట ముందు వచ్చేది "ఎవరిలో చూశారు?" అన్న ప్రశ్నే. టీ కొట్టులో ఫోనువాణ్ణీ అదే అడిగాను. "నీకెందుకు తాతా" అన్నాడు. ఎందుకంటే కోటయ్య భార్యకు వైద్యం అంది, నయమై, ఈనాటికీ మిరపకాయలు కోస్తోంది కనుక.

ఇంతవరకు రాసి, షహనాజ్‌కు ఫోనులో చదివి వినిపించాను.

"కోటయ్య భార్య పోయింది బాబాయ్. ఆ ఏడే. వైద్యం చేయించుకుంటానే పోయింది. నీకూ తెలుసు. నయమైందని రాస్తే నీకూ ఆ ఫోనోడికీ తేడా ఏంది? చచ్చిపోయిందని రాయి. ఆఖర్న పెట్టమాక, కోసేస్తారు. పైన పెట్టు."