ఊఁ అనని ఫిలొమీనా

కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ పక్కనున్న మా దీవికి ఓడే దిక్కు. గాలి లేస్తే అదీ ఉండదు. ఓడ కదలదన్న కబురు రేవులో బారులు తీరిన బండ్లవాళ్లకు చెప్పడం ఫిలొమీనా ఉద్యోగం. ఆ కబురు విని ఆమెను తిట్టడం మా హక్కని మేమంతా అనుకునేవాళ్లం.

ఒకప్పుడు ఆమెకూ ముక్కు మీదే కోపం. ఎవరైనా ఒకటంటే నాలుగనేది. ఓసారి పీతల లారీ నడిపే గస్ మీదికి టీ ఫ్లాస్కు విసిరితే వాడి నుదురు చిట్లింది. ఉద్యోగం ఊడినంత పనయింది. ఆ భయంతోనే క్లినిక్ నర్సు దగ్గర ధ్యానం నేర్చుకుంది. రేవు చివర కూర్చుని, అల వెనక్కి పోతుంటే ఊపిరి తీసుకోవడం, విరుగుతుంటే వదలడం, అంతే. మేం పడీ పడీ నవ్వాం.

మా నవ్వులకు ఆమెకు ఒళ్లు మండేది. మండుతోందని గమనించడం కూడా ధ్యానమేనట. అలా గమనించగా గమనించగా, ఈ అరిచేవాళ్లకు తనతో పగేమీ లేదని, అవతలి ఒడ్డున ఏదో పని పాడవుతోందని ఆమెకు అర్థమైంది. అప్పటినుంచి ఎవరు నోరు పారేసుకున్నా "అవతల ఏం పని నాయనా?" అని అడిగేది. తిట్టేవాడు తల్లి కంటి ఆపరేషన్ గురించో, కుళ్లిపోయే పీతల గురించో చెప్పుకుని చల్లబడేవాడు. అంత ఓపిక సంపాదించుకున్న మనిషిని మా దీవిలో ఇంకొకరిని చూపించండి.

పోయిన వసంతంలో ఆమే ప్రయాణం కట్టాల్సి వచ్చింది. అవతలి ఒడ్డు ఆసుపత్రిలో చెల్లెలు ఆగ్నెస్ ఆఖరి ఘడియల్లో ఉందని పొద్దున్నే ఫోనొచ్చింది. ఆమె రేవుకు వచ్చేసరికి గాలి లేచింది. కెప్టెన్ లియో ఓడ తీయనన్నాడు.

ఈసారి తిట్లన్నీ లియోకు పడ్డాయి, అదీ ఫిలొమీనా తరఫున. అందరికంటే ముందు గస్సే ఒంటికాలి మీద లేచాడు. అక్కడ మనిషి పోతుంటే ఇక్కడ గాలికి జడుస్తావా అని నిలదీశాడు. లియో ముఖం పాలిపోయింది. ఆమె దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"నువ్వు ఊఁ అను. తీసేస్తా."

ఆ ఊఁ ఆమె గొంతుదాకా వచ్చింది. ఒక్క నిమిషం ఆగమని, రేవు చివరికి వెళ్లి కళ్లు మూసుకుంది. ఒక అల వెనక్కి పోకముందే ఇంకోటి విరుగుతోంది. వాటితో ఊపిరి కలపడం ఆమె వల్ల కాలేదు. బయట సముద్రం ఎలా ఉందో దాంతోనే తెలిసిపోయింది. తిరిగొచ్చి, "ఓడ కట్టేయ్ లియో. నా చెల్లెలి కోసం ఓడెక్కేవాళ్ల పిల్లల్ని ఏడిపించలేను" అంది.

గస్ లారీలో కూర్చుని ఆసుపత్రికి ఫోన్ చేసింది. చెల్లెలి చెవి దగ్గర పెట్టమని నర్సును బతిమాలింది. "ఆగీ, నేనేనే. మాట్లాడకు. నాతోపాటు తీసుకో... ఇప్పుడు వదిలెయ్." ఫోన్లో చాలాసేపు ఇద్దరి ఊపిరీ వినిపించింది. తర్వాత ఒక్కరిదే. నర్సు ఫోన్ అందుకుని చెప్పేదాకా ఫిలొమీనా ఆపలేదు.

సాయంత్రానికి గాలి తగ్గింది. ఓడ నడుపుతున్న లియో ఆమె వైపు చూడలేకపోయాడు. ఆమే వెళ్లి అతని పక్కన నిలబడింది. కళ్లనీళ్లు ధారగా కారుతున్నాయి.

"నువ్వు ఓడ తీయలేదని కాదు లియో, చెల్లి పోయిందని ఏడుస్తున్నా" అంది. "రెండూ కలిపేసుకోకు."