మైనం పొట్టులో వెతుకులాట

మైనం బాబాయికి ఆ పేరు ఎవరు పెట్టారో చరిత్రకారులింకా తేల్చలేదు. ఆయన పనేమిటో మాత్రం తేలిగ్గానే చెప్పొచ్చు. ఆస్పత్రి కింది అంతస్తులో, కిటికీ లేని పరీక్షగదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా కూర్చుని, పైన ఆపరేషన్‌లో తీసిన కండ ముక్కను కరిగిన మైనంలో పోతపోసి, అది దిమ్మగా గడ్డకట్టాక యంత్రంలో బిగించి, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు పొరలుగా కోసి గాజుపలకలకు ఎక్కిస్తాడు. రోగాన్ని చూసేది డాక్టర్లు. వాళ్ళకు కనబడేంత పల్చన చేసేది ఈయన.

ఇంట్లో ఉల్లిపాయ ఆయన చేతికివ్వడం భార్య పెళ్ళయిన మొదటి నెలలోనే మానేసింది. ఒక్కదానికి ముప్పావు గంట తీసుకుంటాడనీ, తీరా మూకుట్లో వేస్తే ఉల్లిపాయ కనిపించదనీ ఆవిడ అభియోగం. బాబాయి దాన్ని ప్రశంసగా స్వీకరించాడు.

దేవుడి సంగతి ఆయన ఎప్పుడూ తేల్చి చెప్పలేదు గానీ, నిండు పొర మీద మాత్రం అచంచల విశ్వాసం. దిమ్మను కోయడం మొదలుపెడితే మొదటి పొరల్లో ముక్క సగం సగమే పడుతుంది. అవి పొట్టులా కింది పళ్ళెంలోకి రాలిపోతాయి. ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ముక్క పూర్తిగా పడ్డ పొరకే గాజు ఎక్కే యోగ్యత ఉందని పని నేర్పిన ముసలాయన చెప్పాడట. బాబాయి ఆ మాట ఎన్నడూ జవదాటలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ రోజు పొద్దున్నే, ఆయన పలకలు చూసి రోగం తేల్చే డాక్టరమ్మ ఒక దిమ్మను స్వయంగా పట్టుకొచ్చింది. ఆరేళ్ళ పాప మెదడు లోతుల్లో పెరిగిన గడ్డలోది. దొరికిందే కొంచెం, అందులో చాలావరకు మొదటి పరీక్షలకే ఖర్చయి, మిగిలింది నలుసంత.

"గడ్డలో సగానికి పైగా గడ్డ కణాలే కావనిపిస్తోంది బాబాయ్. ఒంటిని కాపాడే కణాలు."

"కాపాడ్డానికొచ్చి ఏం చేస్తున్నాయమ్మా?"

"దొంగ పడ్డాడని కేకేస్తే జనం వచ్చారు. వచ్చినవాళ్ళు దొంగకే అన్నం పెట్టి పక్క పరిచారు. వాళ్ళ హడావిడికి ఇల్లంతా వాచిపోయింది."

అందరు పిల్లల్లో అలా జరగదనీ, కొందరిలో ఆ కణాలు నిజంగానే పోట్లాడతాయనీ ఆమె చెప్పింది. గడ్డకు కొమ్ముకాసే రకాన్ని అణిచే కొత్త మందొకటి ప్రయోగంలో ఉంది. పాపను అందులో చేర్చుకోవాలంటే ఆ కణాలు ఎన్నున్నాయో, ఏ పక్షమో రెండూ చూపించాలి. నాలుగు పొరలు కావాలి. ఆ చోటికి మళ్ళీ కత్తి పంపే ప్రసక్తి లేదు.

ఒకసారి యంత్రం నుంచి తీసిన దిమ్మ తిరిగి బిగిస్తే అదే వాలులో కూర్చోదు. ఇదీ నూలుపోగంత వంకరగా కూర్చుంది. చక్రం తిప్పితే ఒక అంచే తెగింది. అప్పుడు ఆ సగం పొరలనే భద్రంగా గాజుకు ఎక్కించాల్సింది. కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళ చెయ్యి యజమానిని అడగలేదు, దిమ్మను సాపు చేసుకుంటూ పోయింది. రెండో అంచు తెగడం మొదలయ్యేసరికి మొదటి అంచులో ముక్క అయిపోయింది. ఇంకో నాలుగు తిప్పులకు తెల్లగా, నిర్మలంగా, ఏ రోగమూ లేని ఉత్త మైనం బయటపడింది.

ఆయన యంత్రం ఆపి, వెళ్ళి డాక్టరమ్మను పిలుచుకొచ్చాడు. అది రోజులో మొదటి దిమ్మ. పళ్ళెం అప్పుడే తుడిచి పెట్టాడు గనక రాలిన పొట్టు అంతా పాపదే. ఆమె భూతద్దం, ఆయన పట్టకారు పట్టుకుని, గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోతాయని నోళ్ళు మూసుకుని రెండు గంటలు వెతికారు. చాలా పొరలు నలిగి పొడయ్యాయి. చుట్టచుట్టుకున్నవి రెండు దొరికితే, గోరువెచ్చటి నీళ్ళలో వదలగానే ఒకటి చిరిగిపోయింది. ఒకటి విచ్చుకుంది.

దానికి రంగు వేస్తే గోధుమరంగు చుక్కలు గుంపులుగా కనిపించాయి. కాపాడే కణాలే ఎక్కువ. ఏ పక్షమో చెప్పడానికి ఇంకో పొర లేదు. నాలుగు రోజులకు మందు ప్రయోగం వాళ్ళు సగం జవాబుతో చేర్చుకోలేమని మర్యాదగా ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరం చూసి డాక్టరమ్మ తన నివేదికలో "ముక్క చాలలేదు" అని రాయబోయింది.

"అలా రాయకమ్మా. పైన ఆపరేషన్ చేసినాయన తక్కువ తీశాడనుకుంటారు. సరిపడానే తీశాడు. నేను పారేశాను."

"రాసి ఎవరిని ఉద్ధరించాలి బాబాయ్?"

ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఆమె కలం తీసుకుని, ముక్క కోతలో నష్టమైందని రాసింది.

పిల్లల వార్డుకు బాబాయి ఎప్పుడూ వెళ్ళలేదు. ఆయనకు రోగులంటే దిమ్మల మీది అంకెలే. ఆ సాయంత్రం డాక్టరమ్మ వెనకాలే మెట్లెక్కాడు. తలుపు పక్క బల్ల మీద పాప తల్లి కూర్చుని, నివేదిక కాగితం రెండుసార్లు చదివింది. ఆ మందు ఇస్తే తగ్గేదా అని అడిగింది. ఎవరికీ తెలియదంది డాక్టరమ్మ.

"కోసింది నేనేనమ్మా," అన్నాడు బాబాయి.

ఆమె ఆయన చేతుల వైపు చూసింది. "మీరు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"తెలిసేది కాదమ్మా."

"ఇప్పుడు మిమ్మల్ని తిట్టుకోవాలి. నాకంత ఓపిక లేదండీ."

లోపల పాప నీళ్ళడిగింది. ఆమె కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టి లేచి వెళ్ళింది.